రిడీమ్ అన్న మాటకు తెలుగు

ఆంగ్లంలోని ‘రిడీమ్’ తెలుగులోకి ఒకే దారిన రాలేదు. క్రైస్తవ వాఙ్మయంలో అది ‘విమోచించు’ అయింది. కుదువ వ్యాపారంలో అంతకుముందునుంచే ఉన్న ‘విడిపించు’ అనే క్రియ దానికి సమానార్థకంగా నిలిచింది. బ్యాంకు కాగితాలలో అనువాదం అవసరమని ఎవరికీ తోచనందువల్ల ‘రిడీమ్ చేయు’ అనే మిశ్రక్రియగానే ఉండిపోయింది. నాలుగవ దారి వీడియో ఆటలది. ఆటను నిర్మించిన సంస్థ కొన్ని అక్షరాలూ అంకెలూ కలిపిన ఒక వరుసను ప్రకటిస్తుంది; ఆ వరుసను గడువులోపల నిర్ణీత స్థలంలో నమోదు చేసినవారికి ఆటలో పనికివచ్చే కానుకలు ముడతాయి. పిల్లలు దీనిని ‘రిడీమ్ కోడ్’ అంటున్నారు. ఈ నాలుగవ దారిన వచ్చిన మాటకు తెలుగు దొరికిన చోటు మానుకోటలోని ఒక ఇంటి అరుగు.

ఆ ఇల్లు జనగామలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు బోధించే ఒక అధ్యాపకురాలి పుట్టిల్లు. పలకలమీద మహబూబాబాదు అని రాసి ఉన్నా ఆ ఇంట్లో ఊరి పేరు మానుకోటే. తల్లి ఇప్పటికీ అక్కడే ఉంది. అన్న భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగని కార్మికుడు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు, అంతవరకు ఒక్క వరంగల్లు జిల్లాలో ఉన్న ఈ కుటుంబం ఎవరూ కాలు కదపకుండానే మూడు జిల్లాలకు చెందినదైపోయింది. జనగామనుంచి మానుకోటకు కాజీపేట మీదుగా రైలుంది. భూపాలపల్లికి రైలు లేదు, పరకాల మీదుగా బస్సు ఎక్కవలసిందే. పండుగలకు కలవడం తప్ప మిగిలిన బంధుత్వమంతా ఫోనులో నడిచేది.

అన్న కొడుకు 2020లో ఎనిమిదవ తరగతి. బడులు మూతబడి ఉన్న సంవత్సరం అది. ఆ ఏడు సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వం 118 చైనా యాప్‌లను నిషేధించింది. వాటిలో పబ్జీ మొబైల్ ఒకటి. భూపాలపల్లి కాలనీలో ఆ పిల్లవాడికి అప్పటివరకు పొద్దు పుచ్చింది ఆ ఆటే. సరిగ్గా 26 రోజుల తరువాత, సెప్టెంబరు 28న, షాంఘైలోని మిహోయో సంస్థ ‘గెన్షిన్ ఇంపాక్ట్’ అనే ఆటను విడుదల చేసింది. ఆటగాడు ఒక పాత్రను ధరించి, స్వయంగా కత్తి దూసి పోరాడుతూ కథను ముందుకు నడిపే ‘యాక్షన్ రోల్ ప్లేయింగ్’ జాతికి చెందిన ఆట అది. తోబుట్టువును పోగొట్టుకున్న ఒక బాటసారి, టేవాట్ అనే కల్పితలోకంలోని ఏడు దేశాలు తిరుగుతూ వెతకడం అందులోని కథ. విడుదలనాటికి 13 భాషలలో చదువుకొనే వీలుంది, తరువాత మరి రెండు చేరాయి. భారతీయ భాష ఒక్కటీ లేదు. సర్వర్లు నాలుగు ఉన్నా మన దేశానికంటూ వేరే ఏదీ లేదు. ఆసియా సర్వరులో తెల్లవారుజామున నాలుగింటికి దినం మారితే భూపాలపల్లిలో అప్పుడు రాత్రి ఒకటిన్నర. రాత్రి షిఫ్టుకు పోయిన తండ్రి గనిలో ఉండగా, కొడుకు కొత్త దినంకోసం మేలుకొని ఉండేవాడు. ఇంట్లో తగవులకు ఇది చాలా కాలం కారణమైంది.

2023 జూన్‌లో ఆ పిల్లవాడిని ఇంటర్మీడియట్‌కు హనుమకొండలోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో చేర్చారు. అక్కడ ఫోను నిషిద్ధం. ఆదివారం పూట హాస్టలు ఫోనులో అయిదు నిమిషాలు మాట్లాడవచ్చు. చేరేముందు వాడు తన ఫోనును తండ్రికి ఇవ్వలేదు, తల్లికి ఇవ్వలేదు. జనగామలో దిగి మేనత్త చేతిలో పెట్టాడు. “అత్తా, ఆట ఆడమంటలేను. కోడ్లు కొట్టు, చాలు. గడువు దాటితే రావు” అన్నాడు.

‘కొట్టు’ అనే క్రియను ఆమె అప్పుడే గమనించింది. చేతివేలికీ మీటకూ సంబంధం ఉన్న ప్రతిచోటా తెలుగు ఈ క్రియను పిలుచుకుంటుంది. టైపు కొట్టడం, టికెట్టు కొట్టడం, ఓటీపీ కొట్టడం. యంత్రాలు మారినా దెబ్బ మిగిలింది. అర్థవిపరిణామం పాఠంలో చెప్పదగిన ఉదాహరణ అని ఆమె ఒక నోటుపుస్తకంలో రాసుకొంది. తరువాతి పుటనుంచి ఆ పుస్తకం కోడ్ల పుస్తకమైంది.

గెన్షిన్‌లో ఇంచుమించు ఆరు వారాలకొకసారి ఆట కొత్త రూపాంతరం వస్తుంది. దానికి కొన్ని రోజుల ముందు సంస్థ ఒక ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రసారం చేసి, నడుమ నడుమ మూడు కోడ్లు చూపిస్తుంది. ఒక్కొక్కటి 12 పెద్దబడి అక్షరాలూ అంకెలూ కలిసిన వరుస. ఒక ఖాతాకు ఒక కోడు ఒక్కసారే చెల్లుతుంది. వాటి ఆయువు ఒకటి రెండు రోజులు. ఆటలో సాహసశ్రేణి పదికి చేరినవారికే ఈ సౌకర్యం ఉంది. పిల్లవాడు ఆ గడప ఎప్పుడో దాటాడు. మూడు కోడ్లకూ కలిపి వచ్చేవి 300 ప్రిమోజెమ్‌లు, అంటే ఆటలోని మణులు. 160 మణులకు ఒక ‘విష్’. కొత్త పాత్ర లభిస్తుందేమోనని అడిగే ఒక కోరిక అన్నమాట.

కోడు ఎక్కించగానే కానుక చేతికి రాదు. ఆటలోపలి తపాలాపెట్టెకు ఉత్తరంగా వస్తుంది. ఆ ఉత్తరాలకూ గడువుంది. అందువల్ల ఆమె నెలకొకసారి ఆటను తెరవవలసి వచ్చేది. ఇరవై గిగాబైట్లకు మించిన ఆ ఆట ప్రతి రూపాంతరానికీ మళ్ళీ దిగుమతి కోరుతుంది కనుక, రాత్రి ఛార్జింగులో పెట్టి పడుకొనేది. తెల్లవారి తెరిస్తే, పిల్లవాడు చివరిసారి ఆపిన చోట, సముద్రం కనిపించే ఒక కొండకొమ్ముమీద, బాటసారి నిలబడి ఉండేవాడు. ఆమె అతనిని ఒక్క అడుగు కదపలేదు. ఎటు నడిపితే ఏమవుతుందో తెలియని భయం కొంత, పరాయి పిల్లవాడి పుస్తకంలో గీతలు గీయకూడదన్న పాఠకమర్యాద కొంత. ఉత్తరం తెరిచి, మణులు తీసుకొని, మూసేది. లోపల పగలూ రాత్రీ మారుతున్నా బాటసారి ఆ కొమ్ముమీదే ఉన్నాడు, 19 నెలలు.

ఉదయం తరగతిలో సోమనాథుని జానుతెనుగు. పాల్కురికి ఆ కళాశాలకు దూరమేమీ కాదు, అదే జిల్లాలోని పాలకుర్తి. బమ్మెర కూడా ఆ మండలంలోనిదే. సాయంత్రం ఏ భాషకూ చెందని పన్నెండు అక్షరాలు. ఆలీబాబా కథలో అన్న కాసిం గుహలో చిక్కుకొన్నది మంత్రపదం తెలియక కాదు, మరిచిపోయి. నువ్వులకు బదులు తక్కిన ధాన్యాల పేర్లన్నీ పలికినా తలుపు తెరుచుకోలేదు. అతను మరిచింది అర్థమున్న మాట గనుక దాని చుట్టుపక్కలైనా తడుముకోగలిగాడు. కోడుకు చుట్టుపక్కలంటూ లేవు. సున్నాకూ ఓ అక్షరానికీ తేడా తప్పితే తలుపు మూసుకొనే ఉంటుంది. ఛందస్సు చెప్పేవారికి అక్షరం తప్పితే గణం తప్పుతుందని తెలుసు. ఇక్కడ గణం కూడా లేదు, అక్షరమే ఉంది.

ఒక రాత్రి ఆమె జవాబుపత్రం అట్ట వెనుక లెక్క వేసింది. పంచతార పాత్ర ఒక కోరికలో లభించే అవకాశం నూటికి 0.6. ఎంత దురదృష్టవంతుడికైనా 90వ కోరికకు ఒకటి తప్పక వస్తుంది. తొంభై కోరికలకు 14,400 మణులు. కోడ్లమీదే ఆధారపడితే 48 కార్యక్రమాలు చూడాలి. ఆరేసి వారాల చొప్పున అయిదున్నర సంవత్సరాలు. వచ్చిన పాత్రయినా కోరినదే కావడానికి మొదటిసారి సగం అవకాశమే. తాను 19 నెలలలో చేర్చిపెట్టినది 13 కార్యక్రమాల 3,800 మణులు, 23 కోరికలకు చాలుతాయి. మరొక సంగతి ఆమెను ఇంకా ఆశ్చర్యపరచింది. ఆటలో రోజువారీ పనులు పూర్తిచేస్తే దినానికి 60 మణులు వస్తాయి. అంటే మూడు కోడ్ల కానుక అయిదు రోజుల చిల్లర పనికి సమానం.

ఇంత స్వల్పమైనదానికి పిల్లవాడు ప్రతి ఆదివారం తన అయిదు నిమిషాలలో ఒక నిమిషం ఎందుకు ఇస్తున్నాడు? “పడ్డయా అత్తా?” అన్నదే వాడి మొదటి ప్రశ్న. ఆమెకు తోచిన సమాధానం పరిశోధకులు ఆలోచించదగినది. ఆ ఆటలో తక్కిన ప్రతి సంపాదనకూ ఆడేవాడి నేర్పు కావాలి, చేతివేగం కావాలి, వాడు అక్కడ ఉండాలి. కోడు ఒక్కటే ఇంకొకరు వాడికోసం చేయగలిగినది. బాణం ఎక్కుపెట్టడం తెలియని మేనత్త, అక్షరం తప్పకుండా రాయడం మాత్రం తెలిసిన మేనత్త, ఆ లోకంలోకి పంపగలిగిన ఒకే ఒక మూట అది. హాస్టలులో ఉన్న పిల్లవాడికి సకినాలు పంపినట్టే. సంస్థ దృష్టిలో కోడు ఆటగాడిని మరల మరల రప్పించే ఎర. అందులో సందేహం లేదు. ఆ ఎరలో దారం మరొకచోట కట్టుకొన్నారు వీళ్ళు.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర వచ్చింది. తల్లి మానుకోటనుంచి పోయి నిలువెత్తు బంగారం సమర్పించి వచ్చింది. బెల్లాన్ని బంగారమని పిలిచే ఆ మొక్కులో పేరే విలువను నిర్ణయిస్తుంది. తూకం మాత్రం మొక్కుకొన్నవారి ఒంటిది. ప్రసాదం పంచడానికి కూతురు జనగామనుంచి వచ్చిన ఆ ఆదివారమే హాస్టలునుంచి ఫోను వచ్చింది. క్రితం కార్యక్రమంలో మూడవ కోడు ఆమె పరీక్షల పనిలో పడి మరునాటి సాయంత్రానికి వాయిదా వేయగా చెల్లకుండా పోయింది. ఆ సంగతి చెప్పలేక చెబుతూ ఉంటే అరుగుమీద కూర్చున్న తల్లి విని, “మునిగిందా బిడ్డా?” అని అడిగింది.

కుదువ పెట్టిన నగ గడువులోపల విడిపించుకోకపోతే మునుగుతుంది. తెలుగులో ఈ ‘మునుగు’కు నీటితో పనిలేదు. ఆ తల్లి మెడలోని గొలుసు కూతురు ఎం.ఏ. చదివిన రెండేళ్ళలో మూడుసార్లు సేటు దుకాణానికి పోయి వచ్చింది. ప్రతిసారీ సేటు ఒక చీటీ ఇచ్చేవాడు, దానిమీద ఒక అంకె. ఆ చీటీని తండ్రి దేవుడిపటం వెనుక దాచేవాడు. మిర్చి అమ్మిన నాడు చీటీ జేబులో పెట్టుకొని పోయి, గొలుసు తెచ్చి, ఏమీ అనకుండా భార్య చేతిలో పెట్టేవాడు. నాలుగవసారి పోయిన గొలుసు మునిగింది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎన్నడూ ప్రస్తావనకు రాదు, ఆ క్రియ మాత్రం మిగిలింది.

చీటీ, అంకె, గడువు, విడిపించడం, మునగడం. రిడీమ్ కోడుకు కావలసిన పదసంపద మొత్తం కుదువ దుకాణంలో సిద్ధంగా ఉంది. పారిభాషిక పదాలకోసం సంస్కృతంవైపు చూసే అలవాటున్న విశ్వవిద్యాలయాలు ‘ప్రతిఫల సంకేతం’ వంటిదేదో కల్పించవచ్చు. దానిని ఏ పిల్లవాడూ పలకడు. “కోడు విడిపిచ్చుకున్నవా, మునిగిందా” అని అడిగితే హాస్టలులో వాడికీ, అరుగుమీద ఆమెకూ ఒకేసారి అర్థమవుతుంది. పేచీ ఒక్కచోట వస్తుంది. కుదువనుంచి విడిపించుకొనేది తనదైన వస్తువు. ఆటలో వచ్చే మణులు అంతకుముందు పిల్లవాడివి కావు. అయితే అతను కుదువ పెట్టింది ఏమిటి? ఈ ప్రశ్నను ఆమె నోటుపుస్తకంలో ‘కొట్టు’ కింద రాసి, ఖాళీ వదిలింది.

2025 జనవరి నెలాఖరు. ప్రీ-ఫైనల్ పత్రాలు దిద్దుతున్న రాత్రి పిల్లవాడి ఫోనుకు అతని ఆటమిత్రుల బృందంనుంచి ఒక సందేశం వచ్చింది. ఈసారి ఆరు కోడ్లనీ, ఫలానాచోట నమోదు చేయాలనీ. తెరిస్తే ఎప్పుడూ చూసే పుటలాగే ఉంది. ఆమె మెయిలూ సంకేతపదమూ రాసింది. అంతా సవ్యమన్నట్టు ఆకుపచ్చ గుర్తు కూడా పడింది. రెండు రోజుల తరువాత ఉత్తరాలు తీసుకోబోతే ఖాతా తెరుచుకోలేదు. దానికి ముడిపెట్టిన మెయిలు ఎవరో మార్చివేశారు.

సైబర్ నేరాల ఫిర్యాదుకు 1930 ఉంది. ఆమె ఆ అంకె నొక్కి, మోగకముందే పెట్టేసింది. ఏం పోయిందని చెప్పాలి? రూపాయి పోలేదు. కొండకొమ్ముమీద నిలబడ్డ ఒక బాటసారి పోయాడు. ఆ నెలలోనే, 17వ తేదీన, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ ఆట సంస్థతో ఒక ఒప్పందం ప్రకటించింది. సంస్థ 2 కోట్ల డాలర్లు చెల్లించాలి. 16 ఏళ్ళలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి లేనిదే అదృష్టపు పెట్టెలు అమ్మరాదు. అక్కడి పిల్లల డబ్బుకు ఆ దేశంలో ఒక లెక్క తేలింది. ఇక్కడ పోయినదానికి లెక్క రాయడానికి గడి కూడా కనిపించలేదు ఆమెకు.

మార్చి 5నుంచి ఇంటర్ పరీక్షలు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆదివారాలు వచ్చాయి. “పడ్డయా అత్తా?” “పడ్డయి.” జీవితంలో విద్యార్థులకు అబద్ధం చెప్పని మనిషి వరుసగా ఏడు ఆదివారాలు చెప్పింది. వాడు పరీక్షలు రాసి, ఫోనుకోసం జనగామలో దిగిన రోజున, అన్నం పెట్టకముందే నోటుపుస్తకం ముందుపెట్టి అంతా చెప్పింది. వాడు కోడ్ల పుటలు తిప్పుతూ చాలాసేపు ఏమీ అనలేదు. ఒకచోట ఆగి, “ఇది ఓ గాదత్తా, సున్న. గిట్ల కొట్టినా పడ్డదా?” అన్నాడు. పడలేదని, రెండవసారి సరిచేసి కొట్టానని ఆమె చెప్పింది.

ఖాతా తిరిగి పొందడానికి సంస్థకు ఒక దరఖాస్తు పంపాలి. ఖాతా ఎప్పుడు తెరిచారు, ఎక్కడ, ఏ ఫోనులో. ఇవన్నీ వాడికి నోటికి వచ్చు: 2020 అక్టోబరు, భూపాలపల్లి, నాన్న పాత ఫోను. తరువాతి గడి దగ్గర వాడి చేయి ఆగింది. ఎప్పుడైనా డబ్బు చెల్లించి కొన్నారా, కొంటే మొదటి రసీదు జతపరచండి.

2022 వేసవిలో వాడు ఒక్కసారి కొన్నాడు. తండ్రి రాత్రి షిఫ్టు చేసి నిద్రపోతున్నప్పుడు తండ్రి ఫోనునుంచే చెల్లించి, వచ్చిన సందేశాన్ని చెరిపేశాడు. మూడేళ్ళు ఎవరికీ తెలియలేదు. ఖాతా తనదని రుజువు చేయగలిగిన కాగితం ఆ దొంగతనపు రసీదు ఒక్కటే. అది తండ్రి మెయిలులో ఉంది.

ఇద్దరూ బస్సులో భూపాలపల్లి పోయారు. అన్న మొదటి షిఫ్టునుంచి వచ్చి, స్నానం చేసి, కళ్ళద్దాలు పెట్టుకొని కొడుకు చెప్పినదంతా విన్నాడు. చెల్లెలు తన తప్పుతో మొదలుపెట్టబోతే చేయి అడ్డం పెట్టాడు. మెయిలు వెతికే పని ఆయనకు కొత్త. సంవత్సరం చెప్పమన్నాడు, నెల చెప్పమన్నాడు. రసీదు దొరికాక దానివైపు కొంతసేపు చూసి, “అడిగితే మాత్రం ఇయ్యకపోదును” అన్నాడు. అది నిందో ఒప్పుకోలో అక్కడున్న ముగ్గురిలో ఎవరూ తేల్చలేదు. “పంపుతవా పంపవా? గా గడువేదో దాటుతదేమో” అని మళ్ళీ ఆయనే తొందరపెట్టాడు.

మూడు వారాలకు ఖాతా తిరిగివచ్చింది. తెరిచినప్పుడు బాటసారి కొండకొమ్ముమీద లేడు. మంచు పడే ఏదో దేశంలో, ఒక వంతెన పక్కన ఉన్నాడు. ఎవరో చాలా దూరం నడిపించారు. దాచిన మణులు లేవు. ఆ 23 కోరికలు ఇంకెవరో కోరుకున్నారు. వాటిలో ఏమి వచ్చిందో జాబితా ఉంది గాని పిల్లవాడు చూడలేదు. పటం తెరిచి, పాత కొండ వెతికి, అక్కడికి తీసుకుపోయి నిలబెట్టి ఫోను పక్కన పెట్టాడు.

ఆ వేసవిలో మానుకోట పోయినప్పుడు అరుగుమీద నాయనమ్మ అడిగింది, “ఇడిపిచ్చుకున్నవా?” అని.

“ఇడిపిచ్చుకున్న నాయనమ్మా. కని లోపల ఏం లేదు.”

“గొలుసు మీద గిల్టు ఉంటే సాలుతదా బిడ్డా,” అని, వాడికి మామిడిపండు కోయడానికి కత్తి కోసం లేచింది.